చదవగలిగిన ముద్ర, చదవలేని ముద్ర

హరప్పా ముద్రను తెలుగు పాఠకుడికి కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. బడి పుస్తకంలో మూపురం ఎద్దును, ఒంటికొమ్ము జంతువును, చుట్టూ ఏనుగూ పులీ ఖడ్గమృగం ఉండగా కొమ్ముల కిరీటం పెట్టుకుని కూర్చున్న దేవరను చూడకుండా ఎవరూ పదో తరగతి దాటలేదు. కాకపోతే పుస్తకంలో ఆ బొమ్మ అరచెయ్యంత ఉంటుంది. ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో అద్దం వెనక ఆ పశుపతి ముద్రను చూసినప్పుడు నేను వంగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ వంగాను. ఒక పక్క మూడున్నర సెంటీమీటర్లు. అంత చోటులో ఒక దేవుడు, నాలుగు పెద్ద జంతువులు, పీట కింద జింకలు, పైన వరస అక్షరాలు. చెక్కినవాడి చూపు ఎంత పదునైనదో అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఈ వ్యాసంలో దాని పక్కన పెట్టదలచుకున్న రెండో ముద్ర అంతకన్నా చిన్నది. అది మనలో చాలామందికి తెలియదు కాబట్టి దాని కథ కొంచెం నిదానంగా చెప్పాలి.

కట్టెలు కరువైన ఐర్లండ్ పల్లెల్లో పొయ్యిలోకి పీట్ వాడతారు. ఊబినేలల్లో వేల ఏళ్లుగా కుళ్లి పేరుకున్న నాచు మట్టిని పెళ్లలుగా కోసి, ఎండబెట్టి, మన పిడకల్లాగే దొంతులు పేర్చుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి ఇలా పీట్ కోసేవాళ్లకు, నేల దున్నేవాళ్లకు, తోటలో పాదులు తవ్వేవాళ్లకు అప్పుడొకటి అప్పుడొకటిగా తెల్లని పింగాణీ ఘనాలు దొరకసాగాయి. బాయిన్ నది అడుగున, క్లోనార్డ్ దగ్గర, కంకర తోడుతున్న కూలీలకు ఒకటి దొరికింది. అన్నిటికీ ఒకటే పోలిక: ఒక్కో పక్క అంగుళానికి లోపు, పైన కూర్చున్న ఒక జంతువు, అడుగున చైనా అక్షరాలు. 1840 ప్రాంతంలో జోసెఫ్ హ్యూబాండ్ స్మిత్ అనే ఆయన రాయల్ ఐరిష్ అకాడమీ ముందు ఒక డజను ముద్రల సంగతి వివరించాడు. 1850లో ఎడ్మండ్ గెట్టీ వాటి మీద ఏకంగా పుస్తకమే వేశాడు. ఆ శతాబ్దంలోనే లెక్క అరవైకి చేరింది. కార్క్‌లో ఆరు, వాటర్‌ఫర్డ్‌లో నాలుగు, టిప్పరరీలో మూడు, డౌన్‌లో మూడు, మిగతా కౌంటీలలో ఒకటో రెండో. ఎక్కడా కుప్పగా లేవు. ఆ జాబితాను తయారుచేసిన డాక్టర్ ఫ్రేజర్‌కు ప్రతి కథా ఒకేలా వినిపించింది: ఎవరి చేతిలోంచో తెలియకుండా జారిపడ్డట్టు.

మొదట ఈ రెండు ముద్రల పోలికలు చూద్దాం, అవి నిజంగా అబ్బురపరుస్తాయి. రెండూ తెలుపే. రెండూ ఆ తెలుపును నిప్పులోంచే తెచ్చుకున్నాయి. హరప్పా ముద్రకు వాడిన రాయి స్టియటైట్. అంటే మనం మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దిన బలపం జాతి రాయి. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. చెక్కేవాడికి అంతకన్నా ఏం కావాలి? చెక్కడం అయ్యాక క్షారం పూసి కొలిమిలో కాల్చేవారు. ఆ వేడికి మెత్తనిది గట్టిపడేది, పైపూత తెల్లగా మెరిసేది. ఐర్లండ్ ముద్ర కూడా అలాగే మెత్తని మట్టిగా పుట్టి మంటలో గట్టిపడింది. దక్షిణ చైనాలో ఫుజియాన్ ప్రాంతపు దెహువా కొలుములలో, ఇనుము చాలా తక్కువగా ఉన్న మట్టితో చేసిన పింగాణీ అది. ఆ ఇనుము లేకపోవడం వల్లే పాలమీగడ రంగు. ఫ్రెంచివాళ్లు దానికి బ్లాంక్ ద షిన్ అని పేరు పెట్టి, అందులో చేసిన గ్వాన్‌యిన్ దేవత బొమ్మల కోసం ఎగబడ్డారు.

అయితే ఒక తేడా ఉంది. హరప్పావాడు ముందు చెక్కి తరువాత కాల్చినా, రాయి కొలిమిలో ఆకారం పోగొట్టుకోదు. మట్టి అలా కాదు. పింగాణీ కాలేటప్పుడు కుంచించుకుపోతుంది, దాంతో పాటు అక్షరం అంచులు మొద్దుబారతాయి. అందుకే చైనా పండితుడు తన సొంత ముద్రకు పింగాణీని సాధారణంగా ఎంచుకోడు. అతను కోరుకునేది మెత్తని రాయి. అదే ఫుజియాన్‌లో దొరికే షౌషాన్ రాయికి వాళ్లలో ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. ఈ చిన్న సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాలుగు వేల ఏళ్ల ఎడంతో సింధు తీరంలోనూ ఫుజియాన్‌లోనూ ముద్రలు చెక్కేవాడి వేళ్లు ఒకేలాంటి రాయిని వెతుక్కున్నాయి. ఐర్లండ్‌లో దొరికిన ముద్ర మాత్రం ఆ పంక్తిలోకి రాదు. అది పండితుడి బల్ల మీది వస్తువులా కాక అంగడి వస్తువులా కనిపిస్తుంది. అచ్చులో వత్తి, డజన్లకొద్దీ కాల్చి, అమ్మకానికి పెట్టినది. దాని పుట్టుక అంగట్లోనే అన్న సంగతి మరిచిపోతే దాని రహస్యం ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇక జంతువు సంగతి. ఐర్లండ్ ముద్ర మీద కూర్చున్న ఆ ప్రాణిని స్మిత్ కోతి అనుకున్నాడు. తరువాతివాళ్లు కుక్క అన్నారు. చైనా బొమ్మలు ఎరిగిన కన్ను దాన్ని సింహంగా గుర్తుపడుతుంది. చైనా అడవుల్లో సింహాలు లేవు. అక్కడి శిల్పి విన్న కథల నుంచీ చూసిన బొమ్మల నుంచీ సింహాన్ని ఊహించుకున్నాడు. బౌద్ధం వెంట ఆ రూపం అక్కడ బలపడింది. మన అమరావతి స్తూపపు గుమ్మాల దగ్గర గర్జించిన సింహాలకు అది ఎంతో దూరపు చుట్టం. అన్ని చేతులు మారేసరికి కుక్కలాగా మారింది, ఐర్లండ్ చేరేసరికి కోతి అనిపించుకుంది. హరప్పా ఒంటికొమ్ము జంతువుకూ ఇలాంటి తగువే ఉంది. పక్కనుంచి చూపించడం వల్ల రెండు కొమ్ములు ఒకటిగా కనిపిస్తున్నాయని కొందరు, నిజంగానే ఒక కొమ్ముతో ఊహించారని కొందరు. ఒకే కొమ్ముతో చేసిన మట్టి బొమ్మలు కూడా దొరికాయి కాబట్టి నేను రెండో వైపు మొగ్గుతాను. కానీ ఆ జంతువు ముందు నిలబెట్టిన వస్తువు ఏమిటన్నది మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. ఒక కాడ, దాని మీద గిన్నెలాంటిది, ఆ పైన ఇంకొక గుండ్రటి అమరిక. ధూపపాత్రా, గడ్డి తొట్టా, రసం వడకట్టే జల్లెడా? సింధు లిపి పరిశోధకుడు ఐరావతం మహదేవన్ దాన్ని వడపోత పరికరం అన్నాడు, ఒప్పుకోనివాళ్లున్నారు. ఏ పనికో తెలియని ఒక వస్తువు మీద ఏ పనికో తెలియని మరో వస్తువు బొమ్మ.

జంతువును పెట్టిన చోటు కూడా గమనించాలి. సింధులో జంతువు ముద్ర ముఖం మీదే ఉంది, మట్టి మీద నొక్కితే అదీ దిగుతుంది. ముద్ర వెనక ఉన్నది కేవలం ఒక బుడిపె, దారం దూర్చుకోవడానికి ఒక బెజ్జం. చైనా ముద్రలో జంతువు పట్టుకునే పిడి. నొక్కినప్పుడు అది వేళ్ల సందున దాక్కుంటుంది, కాగితం మీదికి రాదు. ఒకచోట జంతువు అందరికీ కనబడే గుర్తు, మరొకచోట సొంతదారుడి వేళ్లకు మాత్రమే తెలిసిన స్పర్శ.

అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులవుతాయి.

ఐర్లండ్ ముద్రల మీది రాత చదవడం కష్టమే గాని అసాధ్యం కాదు. అది ముద్రలిపి. క్రీస్తు పూర్వం చైనా ఏకమైన రోజులలో స్థిరపడ్డ, మెలికలు తిరిగిన ప్రాచీన లిపి. గెట్టీ ముద్రల అచ్చులు తీయించి చైనాకు పంపితే అక్కడి చదువరులు వాటిని చదివి తాత్పర్యాలు రాసి పంపారు. పాలకుల పేర్లు, వర్తకుల పేర్లు వస్తాయనుకున్నవాళ్లకు నీతిమాటలు, సున్నితమైన సాహిత్య పదబంధాలు ఎదురయ్యాయి. చైనాలో ఇదొక సంప్రదాయం. పేరు ముద్ర వేరు, మనసుకు నచ్చిన మాట చెక్కించుకుని చిత్రం మూలన వేసుకునే తీరిక ముద్ర వేరు. సింధు ముద్రల మీది రాత కూడా అంతే పొట్టిది, సగటున అయిదు గుర్తులు. మహదేవన్ 1977లో ప్రచురించిన సూచికలో 417 గుర్తులు లెక్కతేల్చాడు. కాళీబంగన్ కుండపెంకు మీద ఒకదానిమీదొకటి పడ్డ గీతలను పరిశీలించి ఆ రాత కుడినుంచి ఎడమకు సాగుతుందని పురావస్తువేత్త బి.బి. లాల్ చూపించాడు. చేప గుర్తును ద్రావిడ భాషల మీన్ అన్న మాటతో ముడిపెట్టి, ఆ మాటకు చేప అనీ నక్షత్రమనీ రెండర్థాలు ఉన్నాయి కాబట్టి అవి గ్రహాల పేర్లని ఫిన్లండ్ పండితుడు ఆస్కో పర్పోలా వాదించాడు. పాత తెలుగులోనూ మీను ఉంది కాబట్టి ఈ వాదం మన చెవికి ఇంపుగానే ఉంటుంది. ఇంపు వేరు, రుజువు వేరు. 2004లో ఫార్మర్, స్ప్రోట్, విట్జెల్ అసలిది భాషను రాసే లిపే కాదన్నారు. 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి దీన్ని చదివినవారికి పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించాడు.

అయితే సింధు ముద్ర మాట్లాడకపోయినా దాని చిరునామా మనకు తెలుసు. ఏ ఊరిలో, ఏ పొరలో, ఏ ఇంటి వసారాలో దొరికిందో చెప్పగలం. క్రీ.పూ. 2600 నుంచి 1900 మధ్య అని కాలం చెప్పగలం. దాని ప్రయాణం కూడా తెలుసు: సి.జె. గాడ్ 1932లోనే మెసొపొటేమియాలోని ఊర్‌లో దొరికిన సింధు తరహా ముద్రలను ఒకచోట చేర్చి ప్రచురించాడు. ఓడలెక్కి వెళ్లిన వర్తకుడు తన ముద్రను మెడలోనో నడుముకో కట్టుకుని వెళ్లి ఉంటాడన్న ఊహకు అడ్డేమీ లేదు. ఐర్లండ్ ముద్రకు మాటలొచ్చు, చిరునామా లేదు. ఎవరు తెచ్చారు? ఎప్పుడు? అరవై ముద్రలు అరవై చోట్ల ఎందుకు జారిపోయాయి? అది చెప్పే నీతిమాటల్లో దీనికి జవాబు లేదు.

రెండింటినీ చూసిన మొదటి పండితులు పొరబడ్డ తీరు కూడా అద్దంలో బింబంలా ఎదురెదురుగా ఉంటుంది. 1875లో అచ్చయిన నివేదికలో పురావస్తువేత్త అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ హరప్పాలో దొరికిన ఒక ముద్రకు బొమ్మ వేయించాడు. ఎద్దుకు మూపురం లేదు, అక్షరాలు భారతీయ లిపిలా లేవు, కాబట్టి ఈ ముద్ర భారతదేశానికి పరాయిది అని తేల్చాడు. మన పునాదుల్లోంచి వచ్చినదాన్ని బయటిది అన్నాడు. 1924లో పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ సింధు నాగరికతను ప్రకటించేదాకా దాదాపు అర్ధశతాబ్దం దానికి పేరే లేదు. ఐర్లండ్‌లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. నిన్నమొన్న బయటినుంచి వచ్చినదాన్ని తమ అతి ప్రాచీన చరిత్రలో కలుపుకోవాలని ఉబలాటపడ్డారు. లిపి పాతది కాబట్టి ముద్ర పాతదన్నారు. ఫినీషియన్ వర్తకులు తెచ్చారని ఊహించినవాళ్లూ ఉన్నారు. ఫినీషియన్ల కాలానికి ప్రపంచంలో అటువంటి పింగాణీయే లేదు.

వాళ్లను తక్కువ చెయ్యడానికి ఈ మాట అనడం లేదు. పాత లిపి ఎవరినైనా మోసం చేస్తుంది. మన ప్రభుత్వ కార్యాలయపు గుండ్రటి రబ్బరు ముద్ర వెయ్యేళ్ల తరువాత ఏ చెరువు పూడికలోనో దొరికిందనుకోండి. సారనాథ్ సింహాలు చూసి దాన్ని అశోకుడి కాలానిదని ఎవరైనా అంటే ఏం తప్పుపట్టగలం? చైనాలో ముద్రలిపి సరిగ్గా అలాంటిది. రోజువారీ రాతలోంచి రెండువేల ఏళ్ల కిందటే తప్పుకున్నా, ముద్రల మీద మాత్రం నేటికీ బతికే ఉంది.

ఐర్లండ్ ముద్రల మీద ఈ వాదాలు సాగుతున్న కాలంలోనే ఈజిప్టులోనూ ఇలాంటిదే జరిగింది, అది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. థీబ్స్ సమాధుల్లోంచి వచ్చాయంటూ చిన్న చిన్న చైనా పింగాణీ బుడ్లు యూరప్ చేరాయి. అంతవరకూ ఎవరూ తెరవని సమాధిలో తనకొకటి దొరికిందని ఇటలీ పండితుడు రొసెలీని చెప్పాడు. ఫారోల నాటికే చైనా పింగాణీ ఉందని వాదం పుట్టింది. ఐర్లండ్‌వాళ్లు దీన్ని తమకు సాక్ష్యంగా తెచ్చుకున్నారు. చివరికి ఆ బుడ్ల మీది పంక్తులను చైనా సాహిత్యం చదివినవాళ్లు గుర్తుపట్టారు. అవి ఫారోల తరువాత ఎన్నో వందల ఏళ్లకు గాని పుట్టని టాంగ్ యుగపు కవులవి. సమాధిని తవ్వినవాడి మాటను ఒక పద్యపాదం కొట్టేసింది. లిపి చదవడం వస్తే ఎంత పని జరుగుతుందో దీన్ని మించిన ఉదాహరణ లేదు. సింధు ముద్రల విషయంలో మనకు లేనిది సరిగ్గా ఇలాంటి పద్యపాదమే.

అలాగే, దొరికిన చోటు తెలియడం ఎంత పని చేస్తుందో మన తీరం చెబుతుంది. మోటుపల్లిలోనూ, పాత నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలోనూ తవ్వితే చైనా పింగాణీ పెంకులు దొరికాయి. వాటిమీద ఎవరూ రహస్యగాథలు అల్లలేదు. అక్కడ రేవు ఉంది, గణపతిదేవుడు సముద్ర వర్తకులకు ఇచ్చిన 1244 నాటి అభయశాసనం ఉంది, ఎగుమతి దిగుమతుల లెక్క ఉంది. పెంకు తన ఊళ్లోనే తను ఉంది. అక్షరం ముక్క లేకపోయినా ఆ పగిలిన పళ్లెం తన కథ తనే చెప్పుకుంటుంది. ఐర్లండ్ ముద్ర చుట్టూ అలాంటి తోడు లేదు. దాని పక్కన పళ్లెం లేదు, ఓడ లేదు, పద్దు లేదు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాలలో దెహువా బొమ్మలు ఈస్టిండియా కంపెనీ ఓడల్లో లండన్‌కు వచ్చేవన్నది నిజం. వాటితోపాటే ఈ చిన్న ముద్రలూ వింత వస్తువులుగా వచ్చి, ఎవరి జేబులోనో, ఎవరి సంచిలోనో ఐర్లండ్ చేరి ఉంటాయి. నేను ఒప్పుకునే ఊహ ఇదే. కానీ జేబులోని వస్తువు పీట్ నేలలోకి ఒకసారి జారితే నమ్ముతాం, అరవై సార్లు అంటే నాలోని పాఠకుడు ఊరుకోడు.

ఇంతకూ ఇవి దేనికి? సింధు ముద్రను మనం ముద్ర అంటున్నాం గాని, మొహెంజోదారోలో ముద్రలు దొరికినంతగా వాటి అచ్చులు దొరకలేదు. నొక్కడం కన్నా కట్టుకోవడమే దాని అసలు పనేమో. తాయెత్తా, గుర్తింపు చీటీయా, ఏ వంశం వాడివన్న ప్రశ్నకు జవాబా? బుడిపెలు విరిగినవి, అరిగినవి చూస్తే ఎన్నో ఏళ్లు ఒంటిమీద ఉన్నవేననిపిస్తుంది. ఐర్లండ్ ముద్ర విషయంలోనూ ఇదే అనుమానం. చైనా అక్షరం రానివాడికి ఆ ముద్ర దేనికి? ఉత్తరం మడతమీద లక్క కరిగించి నొక్కుకునేవాడా? పిల్లల ఆటబొమ్మా? జేబులో వేసుకుంటే అదృష్టమని ఎవరైనా అన్నారా? ముద్ర అన్న మాటే మనల్ని పక్కదారి పట్టిస్తోందని ఈ రెండింటి దగ్గరా నాకు గట్టిగా అనిపిస్తుంది. చేసినవాడు ఉద్దేశించిన పని ఒకటి, చేతిలో ఉంచుకున్నవాడు చేసిన పని మరొకటి కావచ్చు. దెహువాలో తీరిక ముద్రగా పుట్టినది ఐర్లండ్‌లో తాయెత్తుగా గడిపి ఉండవచ్చు. మొహెంజోదారోలో గుర్తింపుగా పుట్టినది ఊర్ రేవులో వర్తకపు హామీ అయి ఉండవచ్చు.

ఈ అనుమానాల మధ్య గుజరాత్‌లోని హరప్పా కాలపు ఊరు లోథాల్ ఒక్కటి కాస్త తేటగా మాట్లాడుతుంది. అక్కడి గిడ్డంగి ఒకనాడు తగలబడింది. సరుకు మూటల తాళ్ల ముడులమీద తడి మట్టి ముద్దలు అద్ది, వాటిమీద ముద్రలు నొక్కి ఉంచారు. సరుకు బూడిదైంది, తాళ్లు కాలిపోయాయి, మట్టి ముద్దలు మాత్రం ఆ మంటలోనే కాలి గట్టిపడి నిలిచాయి. అవీ అరవైకి పైనే. ముందువైపు ఒంటికొమ్ము జంతువు, చదవలేని ఆ అయిదారు గుర్తులు. వెనక్కి తిప్పితే చాప అల్లిక, తాడు పురి, గోనెలాంటి గుడ్డ నేత, ముడి వేసిన చోటు. గెట్టీ పుస్తకంలోనూ అచ్చుల బొమ్మలు వరసలు వరసలుగా ఉన్నాయి, ప్రతి అక్షరం స్పష్టంగా, ప్రతి దానికీ అర్థం రాసి. అన్నీ ముందువైపులే.